మూడు కాళ్ళ లామా

ప్రపంచం అంతమైపోయి పదకొండేళ్ళు దాటినా ఆ హీరో బూట్ల అడుగు కాస్తయినా అరగలేదు. ఎమెతేరియో యరంగాకి ఆ సీరియల్‌తో మొదటి పేచీ అక్కడే వచ్చింది.

"ఎడారులు దాటాడట, శవాల మీద నడిచాడట. ఆ మడమ చూడండి. పొద్దున్నే కొట్లోంచి తెచ్చినట్టుంది. మా వీధి పోస్టుమాన్ బూట్లు ఆర్నెల్లకే నోరు తెరుస్తాయి," అన్నాడు, వేయించిన మొక్కజొన్న గింజలు గుప్పెడు నోట్లో పోసుకుంటూ.

"మీకు మొహాలు కనపడవా బావగారూ? ఎప్పుడూ కాళ్ళేనా?" అంది ఎదెల్మీరా. ఆమె అతని చనిపోయిన తమ్ముడు అబ్దోన్ పెళ్ళాం.

"మొహాలదేముందమ్మాయ్, రంగు పూస్తే సరి. చెప్పుల్ని అడుగు, అవి చెప్తాయి."

ఎమెతేరియో మూడో తరగతిలో బడి మానేసి తోలు కుట్టే ఆరె పట్టినవాడు. ఇప్పుడు యాభై నాలుగు. లిమా నగరం దక్షిణపు అంచున, పాంప్లోనా కొండ కింద మార్కెట్లో జోళ్ళు కుట్టే కొట్టు. ప్రతి ఆదివారం సాయంత్రం ఐదింటికి కొట్టు మూసి, కొండ మెట్లు నూట నలభై ఎక్కి, తల్లీ మరదలూ ఉండే ఇంటికి వచ్చేవాడు. వచ్చి టీవీ ముందున్న ఒకే ఒక్క చేతుల కుర్చీలో కూలబడేవాడు. ఇక గంటసేపు ఆ సీరియల్‌ని తిట్టడమే పని.

దాని పేరు 'మిగిలిన ఏడుగురు'. ఒక దగ్గు పుడుతుంది, దేశం మొత్తం చస్తుంది, ఏడుగురు మిగులుతారు. ఏడుగురూ అందగాళ్ళే. ఆ రోగానికి కూడా అందమంటే మోజు కాబోలు, మనలాంటి మొహాలన్నిటినీ ఏరి ఏరి తినేసింది అనేవాడు ఎమెతేరియో. ఆడవాళ్ళ కనుబొమలు ఎవరు దిద్దుతున్నారని అడిగేవాడు. తిండి లేదంటూనే ఆ హీరోకి అన్ని కండలు ఎక్కడివని అడిగేవాడు. వాడి పేరు ఇతాలో బ్రాకమోంతె. దేశంలో ఆడవాళ్ళంతా వాడి మీద పడి చస్తున్నారు. ఎదెల్మీరా పొద్దున్నే మూలికల కషాయం అమ్ముకునే బండి దగ్గర కూడా వాడి మాటే.

"అంత రోత పుడితే రాకండి. ఎవరైనా బొట్టు పెట్టి పిలిచారా?" అనేది ఆమె.

కానీ అతను ఒక్క వారం మానలేదు. పైకి చెప్పే కారణం జోళ్ళు. ఏడాది కిందట ఆ సీరియల్ వాళ్ళే మార్కెట్‌కి వచ్చి, బాగా పాడైన జోళ్ళు కావాలని, ఎంత పాడైతే అంత మంచిదని అడిగారు. రిపేరుకిచ్చి మళ్ళీ రానివాళ్ళ జోళ్ళు అతని దగ్గర మూడు మూటలున్నాయి. మూడూ కట్టి ఇచ్చేశాడు. ఇప్పుడు తెర మీద శవాల గుట్ట కనపడితే చాలు, ముందుకి వంగేవాడు.

"అదిగో, కోళ్ళమ్మే ఎవరిస్తా చెప్పు. మడమ వేయమని ఇచ్చి అజా అయిపూ లేదు. చూడు, ఎవత్తో దాన్నేసుకుని చచ్చిపోయింది."

"ఎవరిస్తా నిక్షేపంలా ఉంది. నిన్ననే నాతో పోట్లాడింది," అనేది ఎదెల్మీరా.

ఆరో భాగంలో ఆక్సిజన్ సిలిండర్ కోసం ఇతాలో బ్రాకమోంతె కత్తి పట్టుకుని ఇరవైమందిని నరికాడు. నాలుగు నిమిషాల్లో సిలిండర్ భుజానికెత్తుకున్నాడు. ఆ నాలుగు నిమిషాలూ ఎమెతేరియో తిట్టడం ఆపేశాడు. నమలడం కూడా ఆపేశాడు. ఆ తర్వాత వాడు పాడుబడ్డ ఇంట్లో దూరి, చలికి వణుకుతూ, పెట్టె తెరిచి ఒక స్వెట్టర్ తీసి తొడుక్కున్నాడు. గోధుమరంగు ఉన్ని. ఛాతీ మీద వరసగా ఐదు తెల్ల లామాలు, మెడ పొడుగు, గొర్రెలా ఒళ్ళంతా ఉన్ని. కెమెరా దగ్గరికి వెళ్ళింది.

మూలన మంచం మీద కూర్చున్న తల్లి పెత్రోనీలా లేచింది. ఎనభై రెండేళ్ళు, ఒక కంట్లో పొర. గోడ పట్టుకుని నడిచి వచ్చి టీవీకి ముక్కు ఆనించింది.

"నాలుగోది చూడరా. దానికి కాళ్ళెన్ని?"

తెర మీద వేలు పెట్టి తనే లెక్కపెట్టింది.

"మూడు," అంది ఆమే. "ఉన్ని అయిపోయింది ఆవేళ. నాలుగో కాలు అల్లలేదు. కుంటిది అని పేరెట్టుకున్నాడు వాడు. ఇది నా అబ్దోన్ స్వెట్టరు."

ఎమెతేరియో గొంతులో గింజ అడ్డం పడింది. దగ్గాడు. దగ్గుతూనే ఉన్నాడు. ఆ ఇంట్లో దగ్గు వినపడితే ఇప్పటికీ అందరూ ఒక క్షణం ఆగిపోతారు.

*

ఐదేళ్ళ కిందటి జూన్‌లో ఎదెల్మీరాకి జ్వరం వచ్చింది, రెండు రోజుల తర్వాత అబ్దోన్‌కీ వచ్చింది. ఆమె పైన ప్లాస్టిక్ తెర వెనక పడుకుంది. తల్లికి అంటకుండా తమ్ముణ్ణి ఎమెతేరియో కిందికి తెచ్చి తన కొట్టు వెనక గదిలో పడుకోబెట్టాడు. మూడో రోజుకి వాడికి ఊపిరి అందలేదు. ఆసుపత్రి గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. ఆక్సిజన్ నింపించుకోవాలంటే సిలిండర్ తీసుకుని ఫ్యాక్టరీ ముందు లైన్లో నిలబడాలి. జూన్ అక్కడ చలికాలం, లిమా గాలి తడిబట్టలా ఉంటుంది. బయటికి వెళ్తున్న అన్నని చూసి అబ్దోన్ తన స్వెట్టర్ విప్పి ఇచ్చాడు. నేను దుప్పటిలో ఉన్నానుగా, నువ్వేసుకో అన్నాడు.

ఆ లైన్లో ఎవరూ ఎవర్నీ నరకలేదు. ఒక లావుపాటి టీచరమ్మ అందరి పేర్లూ రాసి, చేతుల మీద పెన్నుతో నంబర్లు వేసింది. ఎమెతేరియోది నూట పద్దెనిమిది. కదిలితే నంబరు పోతుంది. జనం సిలిండర్లకి ఆనుకుని నిలబడే నిద్రపోయారు. రెండు రోజులయ్యాక గేటు దగ్గర ఒకడు వచ్చి అయిపోయిందని చెప్పాడు. తొంభై ఆరో నంబరు దాకా వచ్చింది. ఖాళీ సిలిండర్ దొర్లించుకుంటూ కొట్టుకి వచ్చేసరికి అబ్దోన్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చల్లగా ఉన్నాడు. చాలాసేపటి నుంచే చల్లగా ఉన్నాడు.

తెల్ల తొడుగులవాళ్ళు వచ్చి సంచీలో పెట్టి జిప్పు లాగి తీసుకెళ్ళారు. అయిదు వారాలకి ఒక సిపాయి డబ్బాలో బూడిద తెచ్చిచ్చి సంతకం పెట్టించుకున్నాడు. తల్లి అడిగింది, ఎలా పోయాడురా అని. నా చేతుల్లోనే పోయాడమ్మా అన్నాడు ఎమెతేరియో. నువ్వల్లిన స్వెట్టర్ వేసుకునే ఉన్నాడు, వెచ్చగా పోయాడు, దాంతోనే తీసుకెళ్ళారు అన్నాడు.

వాళ్ళ వైపు మనిషి పోతే అయిదో రోజున బట్టలన్నీ ఏటికి తీసుకెళ్ళి ఉతకాలి. ఒక్క గుడ్డ మిగిలినా ఆ మనిషి దాన్ని వెతుక్కుంటూ తిరుగుతాడు. అబ్దోన్‌కి అయిదో రోజున ఏరు కూడా మూసేశారు, వీధి దాటితే పోలీసులు. రెండేళ్ళ తర్వాత లురీన్ ఏటికి వెళ్ళి, చొక్కాలూ ప్యాంట్లూ బనీన్లూ సాక్సులూ అన్నీ ఉతికారు. స్వెట్టర్ మాత్రం కొట్లో, పాత జోళ్ళ మూట అడుగున ఉంది. అది బయటికి తీస్తే అది ఎక్కడుందో చెప్పాలి, ఎందుకుందో చెప్పాలి. రేపు తీద్దాం, ఎల్లుండి తీద్దాం అనుకుంటూనే ఉన్నాడు. ఆ సీరియల్ వాళ్ళు వచ్చిన రోజు హడావుడిలో మూటల మూతులు బిగించి ఇచ్చేశాడు. గుర్తొచ్చింది మూడు రోజులకి. గుర్తొచ్చాక సిగ్గుపడ్డాడు, ఆ సిగ్గు కింద కాస్త హాయిగా కూడా అనిపించింది. పీడా పోయిందనుకున్నాడు.

ఆ పీడ ఇప్పుడు ఆదివారం సాయంత్రం దేశం మొత్తానికి కనిపించింది.

*

"సంచీలోంచి తీసి అమ్ముకున్నారు దొంగలు," అంది తల్లి. "శవం మీద గుడ్డ అమ్ముకున్నారు. అందుకేరా వాడు నా కల్లోకొచ్చి చలి చలి అంటున్నాడు. ఐదేళ్ళుగా అంటున్నాడు. మీరెవరూ నా మాట వినలేదు."

"దొంగలే అమ్మా," అన్నాడు ఎమెతేరియో.

ఎదెల్మీరా అతని మొహంకేసి చూసింది, తర్వాత అతని జోళ్ళకేసి చూసింది.

"వెళ్ళి తీసుకురా," అంది తల్లి. "పెద్దాడివి కదా. వాడు పోయిన రోజు ఇంకో రెండు నెలల్లో వస్తుంది. ఆ రోజు దాన్ని ఏట్లో ముంచాలి. నేను చచ్చేలోపు ముంచాలి."

షూటింగు నగరానికి ఉత్తరాన, మూతపడ్డ చేపలపిండి ఫ్యాక్టరీలో జరుగుతోంది. నలభై ఏళ్ళ కిందటి చేపల కంపు ఇంకా గోడల్లోనే ఉంది. గేటు దగ్గర కాపలావాడు లోపలికి వదల్లేదు. చితి సీను కోసం జూనియర్ ఆర్టిస్టులు కావాలట, అటు లైన్లో నిలబడితే లోపలికి వెళ్ళొచ్చన్నాడు. ఎమెతేరియో నిలబడ్డాడు. ఒక అమ్మాయి వచ్చి అందరి చేతుల మీదా పెన్నుతో నంబర్లు వేసింది. అతనిది అరవై నాలుగు. చెయ్యి కాసేపు దించకుండా అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

అసిస్టెంట్ డైరెక్టర్ ఒకడు, ఇరవై ఆరేళ్ళుంటాయి, మనుషుల్ని కూరగాయల్లా ఏరుతున్నాడు.

"పెద్దాయనా, పదకొండేళ్ళు ఆకలితో బతికినవాడిలా ఉండాలి. ఆ పొట్ట లోపలికి లాగు."

"మీ హీరో ఆ కండలు బయటికి వదలొచ్చు గానీ నేను పొట్ట వదలకూడదా బాబూ?"

"ఆయన కండలు కథలో ఉన్నాయి. నీ పొట్ట కథలో లేదు."

"బంగాళాదుంపలు తిని పెరిగిన పొట్ట. పదకొండేళ్ళకి పోదు."

"సరే, వెనక వరసలో నిలబడు. పార పట్టుకో. ఏడుపు రాకపోతే తల దించుకో, మేం చూసుకుంటాం."

కాస్ట్యూమ్స్ చూసే అమ్మాయి పేరు ఫియొరెల్లా. చేతి మణికట్టుకి గుండుసూదుల దిండు కట్టుకుని తిరుగుతోంది. ఎమెతేరియో ఆమె చేత చింపిరి కోటు తొడిగించుకుంటూ మెల్లగా స్వెట్టర్ సంగతి ఎత్తాడు. ఆమె ఉత్సాహంగా అతన్ని లాక్కెళ్ళి ఒక కొక్కేల బండి చూపించింది. ఐదు గోధుమరంగు స్వెట్టర్లు వరసగా వేలాడుతున్నాయి. ఐదింటి ఛాతీ మీదా ఐదేసి లామాలు. ఐదింటిలోనూ నాలుగో లామాకి మూడే కాళ్ళు.

"ఎంత అందమైన డిజైనో చూడండి మేస్త్రీ. మా డైరెక్టర్ పిచ్చెక్కిపోయాడు. ప్రపంచం కుంటిదైపోయిందని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలన్నాడు. దీని మీద పేపర్లో వ్యాసం కూడా వచ్చింది."

"ఉన్ని అయిపోయిందమ్మా," అన్నాడు ఎమెతేరియో.

"ఏంటి?"

"ఏం లేదు. వీటిలో అసలుది ఏది?"

"అసలుది ఇక్కడ లేదు. దరిద్రం కంపు మేస్త్రీ అది. జోళ్ళకి పూస్తారు చూడండి సొల్యూషను, ఆ కంపు. సెంటు కొట్టాం, ఎండకేశాం, పోలేదు. ఇతాలో ఒక్కసారి వేసుకుని తలనొప్పని పడుకున్నాడు. అందుకే ఈ కాపీలు చేయించాం. దాన్ని శవానికి తొడిగేశాం. డమ్మీకి తలనొప్పి రాదుగా."

"ఏ శవానికి?"

"హీరో తమ్ముడు చచ్చిపోతాడు కదా ఆఖరి భాగంలో. ఈవేళ చితి మీద కాల్చేది వాణ్ణే."

ఎమెతేరియో పక్కనున్న పెట్టె మీద కూర్చున్నాడు. అది మా తమ్ముడిదమ్మా అన్నాడు. మా అమ్మ అల్లింది, పొరపాటున మీ మూటల్లోకి వచ్చేసింది, ఇచ్చెయ్యమ్మా అన్నాడు. ఆ అమ్మాయి చెడ్డది కాదు. కళ్ళు చెమర్చాయి కూడా. కానీ అటు చూసింది, ఇటు చూసింది.

"కెమెరాలు పెట్టేశారు మేస్త్రీ. ఇప్పుడు డమ్మీని ముట్టుకుంటే నా ఉద్యోగం పోతుంది." కొక్కెం నుంచి ఒక కాపీ తీసి, మడతపెట్టి, అతని సంచీలో దూర్చింది. "ఇది పట్టుకెళ్ళండి. అచ్చు అదే. మీ అమ్మగారికి తేడా తెలియదు."

అది నిజమే. అమ్మకి ఒక కంట్లో పొర. వేళ్ళతో తడిమితే లామాలు తగులుతాయి, మూడో కాలు దగ్గర ఆగి నవ్వుకుంటుంది. ఏట్లో ముంచుతారు. అబ్దోన్ వెచ్చగా పోయినట్టే ఉంటుంది. ఇంతకంటే సుఖమైన బేరం ఎవరిస్తారు? సంచీ భుజానికేసుకుని, పార పట్టుకుని, వెనక వరసలో నిలబడ్డాడు.

*

చితి మీద పడుకోబెట్టిన రబ్బరు బొమ్మ ఎవరిలాగా లేదు. బూడిదరంగు పూసిన మొహం, సగం తెరిచిన నోరు. కాళ్ళకి బూట్లు తొడిగారు, అవీ కొత్తవే. ఏడుగురే మిగిలిన కథలో చుట్టూ నలభైమంది జనం. అబద్ధపు మసి, అబద్ధపు చిరుగులు. ఇతాలో బ్రాకమోంతె కాగడా పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

ఎమెతేరియోకి నవ్వు రావాలి. ఆదివారమైతే వచ్చేది. కానీ ఇక్కడ ఒకడు చచ్చిపోతే నలభైమంది నిలబడ్డారు. టోపీలు తీశారు. తన పక్కనున్న ముసలామె, రోజు కూలికి వచ్చిన మనిషి, నిజంగా జపమాల తిప్పుతోంది. అబ్దోన్‌కి ఇద్దరు తెల్ల తొడుగులవాళ్ళు, ఒక జిప్పు. ఎక్కడ కాల్చారో తెలియదు, ఏ రోజు కాల్చారో తెలియదు. ఈ వెధవ సీరియల్ వాళ్ళు ఒక రబ్బరు ముద్దకి చేస్తున్నపాటి మర్యాద తమ్ముడికి తను చేయలేకపోయాడు.

కాగడా లేచింది. గాలి ఇటు తిరిగింది. చేపల కంపులోంచి, కిరసనాయిలు కంపులోంచి సన్నగా సొల్యూషన్ వాసన వచ్చింది.

పార కింద పడిన చప్పుడు అందరూ విన్నారు. వెనక వరసలోంచి ఒక ముసలాయన జనాన్ని తోసుకుంటూ వచ్చి, హీరోని దాటి, చితి మీదికి ఎక్కాడు. శవాన్ని కూర్చోబెట్టాడు. చేతులు పైకెత్తి స్వెట్టర్ లాగడం మొదలుపెట్టాడు. రబ్బరు చేతులు వంగలేదు. జోడు లోపల ఇరుక్కున్న కాలిని తీసినట్టు మెల్లగా, అటూ ఇటూ తిప్పుతూ లాగాడు. లాగుతూ దాని చెవి దగ్గర ఏదో గొణిగాడు. చాలాసేపు గొణిగాడు.

డైరెక్టర్ కట్ చెప్పలేదు. కుర్చీలోంచి సగం లేచి, చెయ్యెత్తి, ఎవరూ కదలకండని సైగ చేశాడు. ఇతాలో బ్రాకమోంతె మాత్రం తన వృత్తి తెలిసినవాడు. సీను ఎటు పోతోందో పసిగట్టి కాగడా పక్కకి ఇచ్చి, ఇంకా గొణుగుతున్న ముసలాయన భుజం చుట్టూ చెయ్యి వేసి, అతని మెడ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు.

అప్పుడు కట్ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

డైరెక్టర్ పరుగున వచ్చి ఎమెతేరియోని కావలించుకున్నాడు. "అద్భుతం పెద్దాయనా. అద్భుతం. ఇంకొక్కసారి చేద్దాం. ఈసారి మొహం కొంచెం ఎడమవైపు తిప్పు."

"రెండోసారి చావడు బాబూ వాడు," అన్నాడు ఎమెతేరియో. స్వెట్టర్ చంకలో పెట్టుకుని, సంచీలోంచి కాపీ తీసి డైరెక్టర్ చేతిలో పెట్టాడు. "ఇది కాల్చుకోండి. బాగా మండుతుంది, ప్లాస్టిక్."

ఫియొరెల్లా దూరంగా నిలబడి అటువైపు చూడనట్టు గుండుసూదులు లెక్కపెట్టుకుంది.

*

"అడిగితే ఇచ్చారు," అని చెప్పాడు ఇంట్లో.

తల్లి స్వెట్టర్‌ని మొహానికి అద్దుకుంది. తర్వాత దూరంగా పట్టుకుంది. "సొల్యూషన్ వాసనేంట్రా? నీ దగ్గర వచ్చే వాసన ఇది."

"సినిమావాళ్ళ రంగులమ్మా."

ఎదెల్మీరా మళ్ళీ అతని జోళ్ళకేసి చూసింది.

ఆఖరి భాగం వచ్చే ఆదివారం తనకి ఒంట్లో బాగాలేదని కబురు పంపాడు. ఎదెల్మీరా స్వయంగా మెట్లు దిగి కొట్టుకి వచ్చింది. "పన్నెండు వారాలు నా మొక్కజొన్నలు తిని తిట్టారు. ఆఖర్న తిట్టకుండా పారిపోతారా? లేవండి," అంది. తెర మీద వెనకనుంచి వీపు కనపడుతుంది, అంతేగా, అనుకున్నాడు. దేవుడు కాస్త దయ తలిస్తే కరెంటు పోతుందనుకున్నాడు. కరెంటు పోలేదు.

చితి వచ్చింది. జనం వచ్చారు. "అబ్బ, అది మీరే కదా," అంది ఎదెల్మీరా. ముసలాయన మెడ మీద తలపెట్టి ఏడ్చిన ఇతాలో బ్రాకమోంతె కాలర్‌లో మైకు ఉంది. గొణుగుడంతా అందులో పడింది. కొండ మీద ప్రతి ఇంట్లోంచీ, తలుపులన్నీ తెరిచి ఉన్నాయి కదా, ఎమెతేరియో గొంతు ఒకేసారి వినిపించింది.

"అబ్దోన్, నేను లైన్లో ఉన్నానురా. రెండు రోజులు కదల్లేదు. నువ్వు వణుకుతూ నీ స్వెట్టర్ నాకిచ్చావు, నేను వేసుకుపోయాను. వచ్చేసరికి నువ్వు గోడవైపు తిరిగున్నావు. నా చేతుల్లో పోయావని అమ్మకి చెప్పాను. వెచ్చగా ఉన్నావని చెప్పాను. నీ పెళ్ళానికీ అదే చెప్పాను. ఇది ఇచ్చెయ్యరా, ఉతికిస్తాను. ఇచ్చెయ్యి."

పక్కింట్లో ఎవరో వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తున్నారు. ఎంత బాగా చేశాడో ముసలాయన అంటున్నారు. తెర మీద చితి అంటుకుంది, ప్లాస్టిక్ లామాలు ఒక్కొక్కటీ కరిగాయి. మిగిలిన ఏడుగురూ సూర్యోదయంలోకి నడిచి వెళ్ళారు. బూట్లు తళతళలాడుతున్నాయి.

పాటా పేర్లూ అయిపోయాక తల్లి అడిగింది.

"ఎన్నో నంబరు నీది?"

"నూట పద్దెనిమిది."

"ఎంతదాకా వచ్చింది?"

"తొంభై ఆరు."

ఆమె వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది. "అయితే ఒక్కడే పోయాడు."

"ఒక్కడే పోయాడమ్మా."

తల్లి మంచం మీదికి వెళ్ళి స్వెట్టర్ పక్కన పడుకుని గోడవైపు తిరిగింది. ఎదెల్మీరా టీవీ కట్టేసింది.

"ఐదేళ్ళు నేను అదే తలచుకుని పడుకున్నాను," అంది. "వెచ్చగా పోయాడని. ఆయన మీద చెయ్యేసి మీరున్నారని. రోజూ." గొంతు పెంచలేదు. "నాకు చెప్పడానికి మీకు కెమెరా కావాల్సొచ్చింది. అదీ ఆ రబ్బరు బొమ్మకి చెప్పారు, నాకు కాదు."

అతను లేచి బయటికి నడిచాడు. మెట్ల మీద ముగ్గురు ఆపి చేతులు కలిపారు. ఏడిపించేశారు మేస్త్రీ అన్నారు.

*

మూడు వారాలు ఎదెల్మీరా అతనితో మాట్లాడలేదు. పొద్దున్నే కషాయం బండి కొట్టు ముందునుంచే వెళ్ళేది, ఆగేది కాదు. మార్కెట్లో జనం మాత్రం ఆగేవారు. ఎవరిస్తా తన చెప్పు సంగతే మర్చిపోయి వచ్చి ఫోటో దిగి వెళ్ళింది. సీరియల్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, రెండో సీజన్ తీస్తున్నారట, ఎనిమిదో మనిషిగా అతన్ని బతికిస్తారట. ఇన్నాళ్ళూ ఎక్కడున్నాను బాబూ కథలో అని అడిగాడు. అది మేం చూసుకుంటాం అన్నారు. ఫోన్ పెట్టేశాడు. పెట్టేశాక, ఎనిమిదోవాడికి ఎలాంటి బూట్లు ఇస్తారో అని కాసేపు ఆలోచించాడు కూడా.

అబ్దోన్ పోయిన రోజు తెల్లారి బస్టాపుకి వచ్చేసరికి తల్లి స్టూలు మీద కూర్చుని ఉంది. ఎదెల్మీరా చేతిలో ప్లాస్టిక్ తొట్టి.

"బస్సొస్తోంది. ఇది పట్టుకోండి," అంది. మూడు వారాల్లో అదే మొదటి మాట.

లురీన్ ఏట్లో నీళ్ళు మోకాలి లోతు లేవు. ఒడ్డున ఉడకబెట్టిన దుంపలూ కారం పచ్చడీ పెట్టి, నోట్లో నాలుగు కోకా ఆకులు వేసుకుని, తల్లి స్వెట్టర్‌ని కొడుకు చేతికిచ్చింది.

"నువ్వే ఉతుకు. వేసుకున్నవాడివి నువ్వే కదా."

ఎమెతేరియో ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగాడు. రాయి మీద పరిచి సబ్బు పెట్టాడు. రంగు దిగింది, షూటింగు వాళ్ళ మసి దిగింది, ఎర్రగా ఏదో దిగింది, అది వాళ్ళ రక్తం. అవతల ఒడ్డున బట్టలుతుకుతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆగి, కళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుని చూశారు.

"అయ్యా, మీరు ఆ సీరియల్లో ఏడ్చిన పెద్దాయన కదూ?"

అతను నోరు తెరిచేలోపు ఎదెల్మీరా ఒడ్డు మీదనుంచి పలికింది.

"ఈయన కాదు. ఆయన ఏదో నాటకాలవాడు. ఈయన మా బావగారు, జోళ్ళు కుట్టుకుంటాడు."

వాళ్ళు నిరాశగా మళ్ళీ బట్టల మీదికి వంగారు. ఎమెతేరియో తల ఎత్తలేదు. రెండుసార్లు జాడించి, పిండి, తెచ్చి తల్లి ముందు పట్టుకున్నాడు. ఆమె తడి ఉన్నిలో మొహం పెట్టి గట్టిగా పీల్చింది. వేలితో నాలుగో లామా దగ్గరికి వెళ్ళి, కాళ్ళు లెక్కపెట్టి, మళ్ళీ పీల్చింది.

"ఇంకా నీ కంపే," అంది. "మళ్ళీ ముంచు."

అతను మళ్ళీ నీళ్ళలోకి దిగాడు. ఈసారి ఎదెల్మీరా కూడా చెప్పులు విప్పి దిగింది. స్వెట్టర్ రెండో కొస పట్టుకుంది.